ఊరి రాయి, పిల్లల ఫోను: ఎనిమిది వారాల్లో నేటి కైఫీయతు

చెరువు కట్ట మీద సగం నేలలో దిగబడిన రాయి. పైన సూర్యుడు, చంద్రుడు చెక్కి ఉంటాయి. కింద అక్షరాలు. వాటి మీద పసుపు, ఆ పైన సున్నం, ఆ పైన ఎవరిదో ఎన్నికల గుర్తు. మీ ఊళ్లో లేకపోతే పక్క ఊళ్లో ఇలాంటిది ఒకటి ఉండే ఉంటుంది. తొమ్మిదో తరగతి పిల్లలకు ప్రొజెక్టరు మీద రామప్ప గుడి వీడియో వేస్తే పది నిమిషాలు చూసి, పదకొండో నిమిషం నుంచి గుసగుసలు మొదలెడతారు. అదే పిల్లలకు ఈ రాయి అప్పజెప్పి "దీని మీద ఎన్ని పంక్తులున్నాయో సోమవారం చెప్పండి" అనండి. ఆ లెక్క కోసమే మూడుసార్లు వెళ్తారు, ముగ్గురూ మూడు అంకెలు చెబుతారు, తగువు పడతారు. తగువు మొదలైందంటే మీ పని సగం అయినట్టే.

అందుకే, ఊళ్లోని పాత రాళ్లను, పాటలను బడిపిల్లల చేత నమోదు చేయించడానికి ఇక్కడ చెప్పే పద్ధతిలో క్విజ్‌లు, పాయింట్లు, బ్యాడ్జీలు లేవు. ఒక జట్టుకు ఒక వస్తువు. ఆ వస్తువును అంతకుముందు ఎవరూ అంత వివరంగా నమోదు చేసి ఉండకూడదు. చేసిన పని బడి నోటీసు బోర్డు దగ్గర ఆగిపోకుండా, బయటివాళ్లు వెతికితే దొరికే చోట మిగలాలి. ఈ మూడింట్లో ఏది తప్పినా అది మళ్లీ మార్కుల కోసం చేసే ప్రాజెక్టు అయిపోతుంది.

పని కొత్తదేం కాదు. ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ కోసం కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు, వాళ్ల కింది మనుషులు ఊరూరా తిరిగి కరణాలు చెప్పింది, గుళ్ల మీద చెక్కింది రాసుకొచ్చారు. అవే మనకు మిగిలిన కైఫీయతులు. బొర్రయ్య 1776లో పుట్టి 1803లో పోయాడు. అంటే ఆయన చేసిందంతా ముప్పై నిండకముందే. మొదటి రోజు పిల్లలకు ఈ రెండు సంవత్సరాలు బోర్డు మీద రాసి, తీసివేత వాళ్లనే చేయమనండి.

ఎంతమంది, ఎప్పుడు, ఏమేం కావాలి

ఇరవై మంది, అయిదు జట్లు, జట్టుకు నలుగురు. వారానికి రెండు గంటలు, ఎనిమిది వారాలు. అరవై మంది చేరతామన్నా ఒప్పుకోకండి. రాయి ముందు ఏడుగురు నిలబడితే నలుగురు చేస్తారు, ముగ్గురు రీళ్లు చూస్తారు. దసరా సెలవుల తర్వాత మొదలుపెట్టి సంక్రాంతి లోపు ముగించడం మంచిది. వానలు తగ్గుతాయి, ఎండ తక్కువ, గడ్డి ఎండుతుంది. నవంబరు 19 నుంచి 25 వరకు ప్రపంచ వారసత్వ వారోత్సవం కూడా నడుమనే వస్తుంది కాబట్టి హెడ్‌మాస్టరు దగ్గర అనుమతి సులువుగా దొరుకుతుంది.

జట్టుకు ఒక ఫోను చాలు, కనీసం 5 జీబీ ఖాళీతో. ఇంకా 5 మీటర్ల టేపు, జామెట్రీ బాక్సులోని స్కేలు, రెండంగుళాల మెత్తటి పెయింటింగ్ బ్రష్, ఒక ఎల్‌ఈడీ టార్చి, నల్ల గొడుగు, 2 అడుగులు × 2 అడుగుల తెల్ల థర్మాకోల్ అట్ట, పవర్ బ్యాంకు, వైరున్న కాలర్ మైకు, గీతల్లేని నోట్‌బుక్కు, పెన్సిలు. మైకు తప్ప మిగతావి దాదాపుగా ఇళ్లలోనే ఉంటాయి.

పనులు నాలుగు: ఫొటో తీసేవారు, కొలిచేవారు, రాసేవారు, ఊరివాళ్లతో మాట్లాడేవారు. వీటిని ప్రతివారం మార్చి తీరాలి. వదిలేస్తే ఏమవుతుందో ముందే చెప్పొచ్చు: ఫోను ఎవరిదైతే వాడే అన్నీ తీస్తాడు, చేతిరాత బాగున్న అమ్మాయి ఎనిమిది వారాలూ నోట్‌బుక్కు పట్టుకుని కూర్చుంటుంది.

వస్తువు ఎంపిక, అనుమతులు

బడి నుంచి కిలోమీటరు లోపు, నడిచి వెళ్లేది. రోజూ చూసేదైతే ఇంకా మంచిది. శాసనం, వీరగల్లు (పోరులో చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయి), మెట్ల బావి, చెక్కడపు ద్వారబంధం, తిరగలి పాట, మగ్గం మీద ఒక అంచు నేత, ఏదైనా సరే. భూమి తగాదా, కులం తగాదా, గుడి తగాదా ఉన్నదాని జోలికి పోవద్దు. పిల్లలు కొలిచిన కొలత రేపు ఎవరో పంచాయితీలో చూపిస్తారు. మెట్ల బావి తీసుకుంటే ఫొటోలన్నీ గట్టు మీద నుంచే. నాచు పట్టిన మెట్ల మీదికి పిల్లల్ని దించకండి. పాత గోపురాలు, చింతచెట్ల కింద తేనెతుట్టెలు ఉంటాయి. వెళ్లిన వెంటనే ముందు తలెత్తి పైకి చూడడం నేర్పండి.

వస్తువు శాసనమైతే ఎవరైనా ఇప్పటికే చదివి అచ్చేశారేమో చూడాలి. 'దక్షిణ భారత శాసనాలు' పదో సంపుటం అంతా తెలుగు శాసనాలే. వరంగల్లు, కరీంనగర్, కడప జిల్లాలకు విడివిడిగా శాసన సంపుటాలున్నాయి. ఇవి స్కాన్ ప్రతులుగా ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. ఊరిపేరు వెతికేటప్పుడు పాత ఇంగ్లీషు వర్ణక్రమంతో కూడా చూడండి, ఇప్పుడు రాసే తీరులో వెతికితే తగలకపోవచ్చు. అచ్చయి ఉంటే పని చెడినట్టు కాదు. చాలా సంపుటాల్లో పాఠం, అంటే రాతి మీది అక్షరాలను చదివి రాసింది, ఉంటుంది గానీ మంచి ఫొటో ఉండదు, రాయి ఇప్పుడెలా ఉందన్నది అసలే ఉండదు. పిల్లల పని అదే.

కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోట చేతిలో ఫోనుతో ఫొటోలు తీసుకోవచ్చు. స్టాండు, డ్రోను తెస్తే ముందే అనుమతి కావాలి. పదిహేనేళ్ల లోపు పిల్లలకు టికెట్టు ఉండదు. దేవాదాయ శాఖ గుడి అయితే కార్యనిర్వహణాధికారికి, ఊరి రాయి అయితే పంచాయతీకి ఒక కాగితం ఇచ్చి, దాని నకలు మీద ముద్ర వేయించుకోండి. గర్భగుడి వైపు కెమెరా తిప్పకూడదని పిల్లలకు బయల్దేరేముందే చెప్పాలి.

తవ్వడం ఉండదు. రాయి అడుగు మట్టిలో ఉందని పార పట్టుకొచ్చే ఉత్సాహవంతుడు ప్రతి జట్టులోనూ ఒకడుంటాడు. నాణెమో పూసో కంటపడితే ఎక్కడున్నది అక్కడే ఫొటో తీసి, పెద్దలకు చెప్పాలి. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం దొరికినదాని విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి. ఆ పది రూపాయల అంకె విని పిల్లలు నవ్వుతారు, అందుకే గుర్తుంచుకుంటారు.

రాతిని ఫొటో తీయడం

ముందుగా ఫోను సెట్టింగులు. ఫొటో మూలన కంపెనీ పేరు, తేదీ పడే వాటర్‌మార్కు తీసేయండి. అందంగా మార్చే ఫిల్టర్లు, ఏఐ మెరుగులు ఆపేయండి. అవి రాతి గరుకును మచ్చలనుకుని నున్నగా చేస్తాయి, అక్షరాల అంచులు దాంతోనే పోతాయి. గ్రిడ్ గీతలు పెట్టండి. ఐఫోను అయితే ఫార్మాటు జేపెగ్‌కు మార్చండి, లేకపోతే తర్వాత వికీమీడియా కామన్స్ (వికీపీడియా వాళ్లదే, ఫొటోలు, రికార్డింగులు అందరి కోసం ఉంచే సైటు) ఆ ఫైళ్లను తీసుకోదు.

శుభ్రం చేయడం విషయంలో ఒక్కటే నియమం: పొడి బ్రష్‌తో దుమ్ము, సాలెగూడు, ఎండుటాకు, అంతే. వైరు బ్రష్, యాసిడ్, సబ్బు వద్దు. పసుపు కుంకుమలు పూజలో ఉన్నవైతే అసలు ముట్టుకోకూడదు. అక్షరాలు కనబడాలని సుద్దముక్కతో దిద్దడం, పిండి పూయడం అందరూ చేస్తారు, అదే పెద్ద తప్పు. సుద్ద రాతి సందుల్లో ఉండిపోతుందన్నది ఒక కారణం. అంతకన్నా పెద్దది ఇంకొకటుంది: దిద్దేవాడు తాను అనుకున్న అక్షరాన్ని దిద్దుతాడు. పగులును కొమ్ము అనుకుని దిద్దితే, తర్వాత చూసేవాళ్లందరికీ కొమ్మే కనిపిస్తుంది.

సుద్ద చేసే పని వెలుతురుతో చేయించాలి. చెక్కుడు లోతు తక్కువైనా, వెలుతురు రాతికి ఎదురుగా కాకుండా పక్కనుంచి రాసుకుంటూ పోతే ప్రతి గీతలోనూ నీడ పడుతుంది. ఏ పూట వెళ్లాలన్నది రాయి ఏ దిక్కుకు తిరిగి ఉందన్నదాన్ని బట్టి:

- తూర్పు ముఖం: పొద్దున్నే వెళ్తే ఎండ నేరుగా కొట్టి అక్షరాలు చదునుగా కనిపిస్తాయి. పదిన్నర, పదకొండున్నర మధ్య సూర్యుడు పైకెక్కి ఎండ రాతి మీదుగా కిందికి జారుతున్నప్పుడు తీయాలి.
- పడమటి ముఖం: మధ్యాహ్నం పన్నెండున్నర, ఒంటిగంటన్నర మధ్య.
- దక్షిణ ముఖం: చలికాలంలో పొద్దు పొడిచిన గంటలోపు, లేదా పొద్దు వాలే ముందు గంట.
- ఉత్తర ముఖం: చలికాలంలో ఎండ తగలదు. సంధ్య వేళ టార్చితో.

టార్చితో తీసేటప్పుడు ఫోను కదలకూడదు. స్టాండు లేకపోతే రెండు ఇటుకలు, ఒక ఇసుక సంచి సరిపోతాయి. టార్చి పట్టుకున్నవారు రాతికి మీటరు దూరాన నిలబడి, వెలుతురును రాతికి దాదాపు సమాంతరంగా వేయాలి. గడియారం ముల్లులా చుట్టూ తిరుగుతూ ఎనిమిది దిక్కుల నుంచి ఎనిమిది ఫొటోలు. అడ్డగీతలు పైనుంచి వచ్చే వెలుతురులో, నిలువుగీతలు పక్కనుంచి వచ్చే వెలుతురులో తేలతాయి కాబట్టి ఒక్క ఫొటోలో అన్నీ కనబడవు. స్క్రీను మీద వేలు నొక్కిపట్టి ఫోకసు, వెలుతురు లాక్ చేయకపోతే ఎనిమిదీ ఎనిమిది రంగుల్లో వస్తాయి. పగలే తీయాల్సి వస్తే నల్ల గొడుగు నీడ పట్టి టార్చి వేయండి. లోతైన నీడ మరీ నల్లగా పడితే ఎదురువైపు థర్మాకోల్ అట్ట పెడితే మెత్తబడుతుంది.

తీయాల్సిన వరస: పది అడుగుల దూరం నుంచి, చుట్టూ చెట్టూ గోడా కనబడేలా నాలుగు వైపులా నాలుగు; రాయి మొత్తం నిండుగా, పక్కన స్కేలు పెట్టి ఒకటి, స్కేలు తీసేసి ఒకటి; ఆ తర్వాత పైనుంచి కిందికి ముక్కలు ముక్కలుగా, ఒక ఫొటోలో సగం తర్వాతి ఫొటోలోనూ వచ్చేలా. ఫోను రాతికి సరిగ్గా ఎదురుగా ఉండాలి. పిల్లలు నిలబడి కిందికి వంచి తీస్తారు, దాంతో కింది పంక్తులు చిన్నవైపోతాయి. మోకాళ్ల మీద కూర్చోమనండి.

ఇక త్రీడీ. దీనికోసమే సగం మంది పిల్లలు చేరతారు, కాబట్టి ఆఖరున పెట్టండి. రియాలిటీస్కాన్ లాంటి యాప్‌తో రాయి చుట్టూ తిరుగుతూ పది డిగ్రీలకొకటి చొప్పున ఒక చుట్టుకు 36 ఫొటోలు. మోకాలెత్తు, ఛాతీ ఎత్తు, తల పైన చేతులెత్తి, మూడు చుట్లు. మబ్బు పట్టిన రోజు కావాలి, ఎండ ఉంటే నీడ కూడా రాయిలో భాగమై కూర్చుంటుంది. ఎక్కువగా చెడేది పలచటి రాతి పలకల దగ్గర: ముందు ముఖం, వెనక ముఖం బాగా వస్తాయి, రెండూ అతుక్కోవు. మూల తిరిగేటప్పుడు ఫొటోలు చాలకపోవడమే కారణం. అంచుల దగ్గర అయిదు డిగ్రీలకొకటి తీయాలి, రాయి మొదట్లో నేల మీద దినపత్రిక కాగితాలు పరిస్తే యాప్‌కు పట్టు దొరుకుతుంది. నూనె పూసిన విగ్రహం మాత్రం ఎన్ని తీసినా రాదు. మెరుపు మనం వేసే ప్రతి అడుగుకూ చోటు మారుతుంది, యాప్ దాన్ని రాతి ఆకారం అనుకుంటుంది.

ఫొటోలను ఫోను నుంచి కంప్యూటరుకు వైరుతోనే ఎక్కించండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గిపోయి వస్తాయి, అక్షరం పెద్దది చేసి చూస్తే ముద్దముద్దగా ఉంటుంది. వాట్సాపే గతి అయితే 'డాక్యుమెంటు'గా పంపాలి.

చదవడం

మంచి ఫొటోను ఏ3 కాగితం మీద అచ్చు తీయించి, పైన పారదర్శక షీటు పరిచి, నలుగురి చేతా విడివిడిగా దిద్దించండి. ఒకరిది ఒకరు చూడకూడదు. తర్వాత నాలుగు షీట్లూ ఒకదాని మీద ఒకటి పెడితే, గీతలు కలిసిన చోట నమ్మకం, కలవని చోట మళ్లీ రాయి దగ్గరికి ప్రయాణం. కనబడని అక్షరానికి చుక్క, ఊహించిన అక్షరానికి కుండలీకరణం. "అలా ఉండి ఉంటుంది" అని నింపేయడం ఒప్పుకోవద్దు.

పిల్లలకు ముందు చెప్పాల్సినవి కొన్నే. మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండదు. ఎ-ఏ, ఒ-ఓ తేడా పాత లిపిలో చూపరు. కన్నడం, తెలుగు అప్పటికి ఒకే లిపి. మొదట్లో 'స్వస్తి' అని ఉండొచ్చు, అక్కడ మొదలుపెడితే మూడు అక్షరాలు చేతికొస్తాయి. పైనున్న సూర్యచంద్రులు బొమ్మలు కావు, దానం ఆచంద్రార్కం, అంటే సూర్యచంద్రులున్నంత కాలం, నిలవాలన్న మాట. చాలా దానశాసనాల చివర శాపం ఉంటుంది: ఇచ్చిన భూమి లాక్కున్నవాడు అరవై వేల ఏళ్లు అశుద్ధంలో పురుగై పుడతాడని. ఆ శ్లోకాన్ని గుర్తుపట్టడం నేర్పితే చాలు, తర్వాత ఏ గుడికి వెళ్లినా రాయి అడుగు పంక్తులే ముందు చూస్తారు.

తేదీ లెక్క మాత్రం ఒక పూట పెట్టుకుని చేయించండి, లెక్కల మాస్టారిని కూడా పిలవండి. శకవర్షానికి 78 కలిపితే క్రీస్తు శకం. రామప్ప గుడి శాసనం శక 1135 నాటిది, అంటే 1213. దాన్ని ఇంకో దారిలో సరిచూసుకోవచ్చు. శాసనంలో సంవత్సరం పేరు శ్రీముఖ. మనకు 1993 ఉగాదితో మొదలైందీ శ్రీముఖే. 1993 నుంచి 1213 తీస్తే 780. అరవైతో భాగిస్తే 13, శేషం సున్నా. శేషం మిగిలిందంటే అంకె తప్పు చదివామో, పేరు తప్పు చదివామో తెలిసిపోతుంది. పుష్యమాసం, మాఘమాసం తేదీలైతే ఒక్కోసారి 79 కలపాలి, ఎందుకంటే అప్పటికి ఇంగ్లీషు ఏడాది మారిపోయి ఉంటుంది. కొన్ని శాసనాల్లో అంకెలు ఉండవు, మాటలుంటాయి: చంద్రుడంటే 1, కన్నులంటే 2, వేదాలంటే 4. వాటిని కుడి నుంచి ఎడమకు రాసుకోవాలి. ఈ ఆట ఒక్కసారి నేర్పితే పిల్లలు తమ పుట్టినరోజులు కూడా అలాగే రాసుకుంటారు.

ఫొటోను చాట్‌బాట్‌కు ఇచ్చి "చదివి పెట్టు" అనే పిల్లలు తప్పకుండా ఉంటారు. తిట్టకండి, అందరి ముందూ చేయించండి. అదే ఫొటోతో మళ్లీ కొత్తగా అడిగించండి. రెండుసార్లూ రెండు వేర్వేరు రాజుల పేర్లు వస్తే ఇక మీరు చెప్పాల్సింది ఉండదు. ఒకే పేరు వచ్చినా, ఏ పంక్తిలో ఏ అక్షరాల్లో ఉందో రాతి మీద వేలు పెట్టి చూపించమనండి.

పిల్లలు చదివి రాసిన శాసన పాఠాన్ని బయటపెట్టేముందు తెలిసినవారికి చూపించాలి. దగ్గరి విశ్వవిద్యాలయం చరిత్ర శాఖ, రాష్ట్ర పురావస్తు శాఖ, లేదా మైసూరులోని కేంద్ర పురావస్తు శాఖ శాసన విభాగం. పంపేటప్పుడు ఎనిమిది దిక్కుల ఫొటోలూ, కొలతలూ పంపండి.

అవ్వ పాట రికార్డు చేయడం

"మన సంస్కృతి గురించి చెప్పండి" అని అడిగితే ఏ అవ్వయినా "నాకేం తెలుసు బిడ్డా, చదువుకున్నోళ్లు మీకే తెల్వాలె" అంటుంది. తప్పు ఆమెది కాదు. చేతికి తగిలే ప్రశ్న అడగాలి. ఇలా:

"అవ్వా, తిరగలి ఇసిరేటప్పుడు ఒక్కదానివే కూసునేదానివా, ఎదురుగ ఇంకెవరన్న కూసునేవాళ్లా?"

"ఎదురుగ మా వదినె. ఒక్కదానికి ఏడ తిరుగుతది?"

"మరి పాట ఎవరు ఎత్తుకునేటోళ్లు?"

"మా వదినెనే. నేను అందుకునేదాన్ని."

ఇక పాట దానంతట అదే వస్తుంది. ముందుగా పనిని అడగాలి, తర్వాత పక్కన ఎవరున్నారో, ఆ తర్వాతే పాట. పాడుతున్నప్పుడు ఆపకూడదు, సరిదిద్దకూడదు. మరిచిపోయిన చోట నిశ్శబ్దాన్ని అలాగే వదలాలి. తర్వాతి చరణం ఆ నిశ్శబ్దంలోంచే వస్తుంది. ఒక్కో విడత అరగంట మించొద్దు.

ఫోను ఫ్లైట్ మోడ్‌లో, మడిచిన తువ్వాలు మీద, మైకు నోటికి జానెడున్నర దూరంలో. ఫ్యాను ఆపాలి, పక్కింటి టీవీ తగ్గించమనాలి, పొయ్యి మీద కుక్కరు ఉందేమో చూసుకోవాలి. మొదట తేదీ, ఊరు, పాడేవారి పేరు, అడిగేవారి పేరు చెప్పి, అర నిమిషం ఏమీ మాట్లాడకుండా గది చప్పుడు ఎక్కించాలి. తర్వాత గరగర తీసేయడానికి అదే ఆధారం. రికార్డరు యాప్‌లో వేవ్ ఫార్మాటు, 44.1 కిలోహెర్ట్జ్, మోనో పెట్టండి. నిమిషానికి 5 ఎంబీ పైచిలుకు, అరగంటకు 160 ఎంబీ దాకా అవుతుంది. ఫోను మామూలుగా ఇచ్చే ఎం4ఏ ఫైలు కామన్స్‌లోకి ఎక్కదు. వేవ్ గానీ ఫ్లాక్ గానీ ఉండాలి. వీడియో అయితే ఎంపీ4 కాదు, వెబ్ఎం.

రాయడానికి వాయిస్ టైపింగ్ వాడుకోవచ్చు, మొదటి ముసాయిదా వరకే. అది యాస మాటల్ని పుస్తకాల తెలుగులోకి దిద్దేస్తుంది. 'ఇసిరేటప్పుడు' కాస్తా 'విసిరేటప్పుడు' అయిందంటే నమోదు చేసిందేమిటి? అవ్వ అన్నది అన్నట్టే ఉంచి, అర్థం కాని మాటకు కింద వివరణ ఇవ్వాలి.

ఒక్కోసారి జానపదం అనుకున్నది పాత రేడియో పాటో, సినిమా పాటో అవుతుంది. రెండు పంక్తులు వెతికి చూడకుండా ఎక్కించొద్దు. పాట ఎవరి సొత్తూ కాకపోయినా, పాడినవారికి ఆ పాడటం మీద మన చట్టంలో హక్కుంది. "ఇంటర్నెట్‌లో పెడతాం, ఎవరైనా వినొచ్చు, వాడుకోవచ్చు" అని విడమరిచి చెప్పి ఒప్పుకోలు అడగాలి, ఆ మాట రికార్డులోనూ ఉండాలి, కాగితం మీదా ఉండాలి. చదవడం రాని మనిషితో వేలిముద్ర వేయించుకుని చేతులు దులుపుకోవడం ఒప్పుకోలు కాదు. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల ముఖాలు, గొంతులు బయటపెట్టాలంటే వాళ్ల తల్లిదండ్రుల సంతకం కావాలి.

ఎక్కించడం

ఇరవై మందిని కంప్యూటరు గదిలో కూర్చోబెట్టి ఒకేసారి వికీపీడియా ఖాతాలు తెరిపిస్తే ఏడో పిల్లవాడి దగ్గర ఆగిపోతుంది. ఒక ఇంటర్నెట్ చిరునామా నుంచి 24 గంటల్లో ఆరు ఖాతాలే. నాలుగు రోజుల్లో విడతలుగా తెరిపించండి. ఖాతా పేర్లలో అసలు పేరు, బడి పేరు, పుట్టిన సంవత్సరం ఉండకూడదు. ఒక ఖాతా ఒకరిదే. బడి మొత్తానికి ఒక్కటి తీసుకుంటే నిబంధనల ప్రకారం నిలవదు.

ఫొటోలు కామన్స్‌లోకి, తీసిన పిల్లల ఖాతా నుంచే, సీసీ బై-ఎస్‌ఏ 4.0 లైసెన్సుతో. ఈ లైసెన్సు ఇస్తే పేరు చెప్పి ఎవరైనా, అమ్ముకునేవారు కూడా, వాడుకోవచ్చు, వెనక్కి తీసుకోవడం కుదరదు. ఇది పిల్లలకూ ఇంట్లోవాళ్లకూ ముందే తెలియాలి. జట్టు తీసిన 150లో 12 చాలు. ఫైలు పేరు 'ఐఎంజీ 2034' అని ఉంటే ఎవరికీ దొరకదు. 'ఊరి పేరు, చెరువుకట్ట శాసనం, తూర్పు ముఖం, పై సగం' అని ఉండాలి. వివరణలో మూడు వాక్యాలు: ఏమిటి, ఎక్కడ, ఏ వైపు నుంచి ఏ వెలుతురులో. తొలగించేవి ఎక్కువగా ఇవే: స్క్రీన్‌షాట్లు, గూగుల్‌లో దింపుకున్నవి, రాయి ముందు సెల్ఫీలు.

తెలుగు వికీపీడియాలో మన ఊళ్లలో చాలావాటికి పేజీ ఉంది. కొత్త వ్యాసం రాయడానికి ఎగబడకుండా, ఊరి పేజీలో ఫొటో చేర్చి, అచ్చయిన ఆధారంతో నాలుగు వాక్యాలు రాయించండి. పిల్లలు సొంతంగా చదివిన పాఠం, తాత చెప్పిన కథ అక్కడ నిలవవు, మూలం అడుగుతారు. వాటికి ఇంటర్నెట్ ఆర్కైవ్ (archive.org అనే ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయం) గానీ బడి సొంత పేజీ గానీ సరైన చోటు. "ఊరివాళ్లు చెప్పే కథ" అని, ఎవరు ఎప్పుడు చెప్పారో రాసి పెట్టాలి.

ఒక్క విషయంలో దాపరికం తప్పదు. ఊరి బయట కాపలా లేని చిన్న విగ్రహం, ఇద్దరు మోయగలిగినది ఏదైనా ఉంటే దాని జీపీఎస్ స్థానం బయటపెట్టకండి. ఫొటో లోపల కూడా స్థానం దాగి ఉంటుంది, ఎక్కించేముందు దాన్ని తీసేయాలి. ఆ వివరాల ప్రతి పురావస్తు శాఖకు ఇవ్వండి, చాలు. ఇళ్లలో తీసిన ఫొటోలకూ ఇదే.

ఊరికి చూపించడం

రాయి పక్కన క్యూఆర్ కోడ్ బోర్డు పెట్టాలని అందరికీ ఉంటుంది. రాతి మీద అతికించకూడదని వేరే చెప్పక్కర్లేదు, అయినా చెప్పండి. తెలుగు పేజీ లంకెను నేరుగా కోడ్‌గా మారిస్తే చిక్కు వస్తుంది. 'రామప్ప దేవాలయం' అన్న పేరు లంకెలో ఒక్కో అక్షరానికి, ఒక్కో గుణింతపు గుర్తుకు తొమ్మిదేసి గుర్తులుగా విచ్చుకుని, మొత్తం దాదాపు 150 గుర్తులవుతుంది. కోడ్ చీమలబారులా కిక్కిరిసి, పాత ఫోన్లకు అందదు. వికీమీడియా వాళ్లదే లంకెలు కుదించే పేజీ ఉంది, దాంతో పొట్టి లంకె చేసి దాన్ని కోడ్‌గా మార్చండి. ఉచితమని చెప్పే 'డైనమిక్' కోడ్‌లు వద్దు, గడువు తీరితే బోర్డు మూగబోతుంది. కోడ్ చుట్టూ తెల్ల అంచు వదలాలి. మీటరు దూరం నుంచి స్కాన్ చేయాలంటే కోడ్ వెడల్పు 10 సెంటీమీటర్లు ఉండాలి. ఫ్లెక్సీ రెండు ఎండాకాలాలకు వెలిసిపోతుంది. రేకు మీద వేయిస్తే నయం. కోడ్ కింద తెలుగులో అయిదు పంక్తులు పెద్ద అక్షరాలతో రాయించండి, ఊళ్లో అందరి దగ్గరా ఫోను ఉండదు.

నిలువు వీడియో చేస్తామంటే చేయనివ్వండి, నిమిషంలోపు, ఒక్క ప్రశ్నతో: "ఈ రాయి మీద పురుగు శాపం ఎవరికి?" 90 మాటలు దాటితే గుక్కతిప్పుకోకుండా పరిగెత్తాల్సి వస్తుంది. వెనక సినిమా పాట పెడితే యాప్ శబ్దం కోసేస్తుంది. అవ్వ తిరగలి చప్పుడు పెట్టమనండి.

ప్రదర్శన బడిలో కాకుండా రాయి దగ్గరే పెట్టండి, సాయంత్రం, టార్చితో. వెలుతురు పక్కనుంచి పడి అక్షరాలు లేవగానే ఊరివాళ్లు ముందుకు వంగుతారు. మాట్లాడాల్సింది మీరు కాదు, జట్టులో అప్పటిదాకా తక్కువ మాట్లాడిన పిల్ల.

అన్నీ అయ్యాక మూడు ప్రతులు: ఒకటి బడి కంప్యూటరులో, ఒకటి హార్డ్ డిస్కులో, ఒకటి వేరే ఊళ్లో ఉన్నవారి దగ్గరో ఆన్‌లైన్‌లోనో. అయిదు జట్ల సరుకంతా కలిపి 4 జీబీ చుట్టుపక్కల తేలుతుంది. నోట్‌బుక్కులను కూడా స్కాన్ చేయండి. వాటిలో ఒక సంగతి తప్పకుండా ఉండాలి: దూరపు నాలుగు ఫొటోలు ఎక్కడ నిలబడి తీశారో, వేపచెట్టు నుంచి ఎన్ని అడుగులు, తూము నుంచి ఎన్ని అడుగులు. వచ్చే ఏడాది జట్టు అదే చోట నిలబడి, అదే పూట, అవే నాలుగు మళ్లీ తీయాలి. రాయి ఎంత కుంగిందో, ఏ అక్షరం రాలిందో, కొత్తగా ఏ రంగు పడిందో అప్పుడు గానీ తెలియదు. చెట్టు కొట్టేయొచ్చు, కాబట్టి కొలత తూము నుంచి తీసుకోమనండి.